శనివారం లేసు సూది ఎందుకు తెమ్మన్నామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులయ్యాక శనివారాల్లో మన ఆరు నుంచి పదో తరగతి పిల్లలు పుస్తకాల సంచి ఇంట్లో పెట్టి, కొక్కెం ఉన్న లేసు సూదో దారపుండో పట్టుకుని బడికి వస్తున్నారు. దీని గురించి కొందరు తల్లులు గేటు దగ్గర నన్ను ఆపి అడిగారు. "ఈ సూది పట్టుకునే మా కళ్లు పోయాయండి. మా పిల్ల కూడా ఇదే చెయ్యాలా? ఇందుకేనా బడికి పంపుతున్నది?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. దానికి సరైన జవాబు చెప్పాలి కాబట్టి ఈ నెల ఉత్తరంలో ఎక్కువ భాగం దీని గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గట్టిగా చెప్తున్నాను. పిల్లలు బడిలో అల్లిన ఏ ముక్కనూ మేం అమ్మం, ఇళ్లలో లేసు అల్లించుకునే ఏ ఏజెంటుకూ ఇవ్వం. ఎవరు ఎన్ని ముక్కలు అల్లారన్న లెక్క కూడా రాయం. మగపిల్లలు కూడా అల్లుతున్నారు, అల్లి తీరాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులపాటు సంచి లేకుండా వచ్చి ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. మనం ఆ పది రోజుల్నీ శనివారాలకు పంచుకుని, పై తరగతులను కూడా కలిపాం.

గుండ్రటి లేసు ఎలా మొదలవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఐదారు గొలుసు కుట్లు వేసి రింగుగా కలుపుతారు. ఆ రింగులో 12 పొడుగు కుట్లు వేస్తారు. రెండో వరసకు 24, మూడో వరసకు 36. ఇలా వరసకు 12 చొప్పున పెంచుకుంటూ పోతే ముక్క బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. పెంచడం తగ్గితే గిన్నెలా లోపలికి ముడుచుకుపోతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా లేస్తుంది. ఇది మీ చేతులకు ఎప్పటి నుంచో తెలుసు. ఎందుకలా అవుతుందో పదో తరగతి లెక్కల పుస్తకం చెబుతుంది. 12, 24, 36 అని పెరిగే ఈ వరసను అందులో అంకశ్రేఢి అంటారు. పది వరసల ముక్కలో మొత్తం కుట్లెన్ని అని లెక్కల మాస్టారు అడిగితే, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల వేళ్ల మీద వరసలు కూడుకుని 660 అని చెప్పింది. ఫార్ములా రాసుకున్నవాళ్లకు కూడా అదే వచ్చింది, కాస్త ఆలస్యంగా.

సరిగ్గా 12 ఎందుకు, 10 ఎందుకు కాదు? పొడుగు కుట్టు ఎత్తు దాని వెడల్పుకు దాదాపు రెండింతలు ఉంటుంది. ఒక వరస వేసినప్పుడల్లా వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. చుట్టుకొలత దానికి సుమారు 6.28 రెట్లు పెరగాలి, అంటే పన్నెండున్నర కుట్ల వెడల్పు. అందుకే 12. ఈ కారణం తెలిసిన పిల్లకు వృత్తం పాఠం పరీక్ష రోజున కూడా టెన్షన్ పెట్టదని నా నమ్మకం.

దారం, డబ్బు, టైము లెక్క కూడా వేయిస్తున్నాం. ముక్కకు ఎంత దారం పట్టింది, ఎన్ని గంటలు పట్టింది, ఏజెంటు ఎంత ఇచ్చాడు, గంటకు ఎంత పడింది? తొమ్మిదో తరగతి పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చిన వివరాలతో ఈ లెక్క కట్టారు. వచ్చిన అంకె చూసి వాళ్లకు కోపం వచ్చింది, రావలసిందే. "మరి షాపులో ఎంతకమ్ముతారు మేడం?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్న ఈ ఊళ్లో పుట్టడం కోసమే నేనీ శనివారాలు పెట్టానంటే తప్పులేదు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. పేపర్లో చదివి సంతోషించాం. అయితే ఆ పేరు పెట్టి అమ్ముకునే హక్కు చట్టప్రకారం రావాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మన ఊళ్లో అల్లేవాళ్లలో ఎంతమంది ఆ పని చేశారు? నమోదు కావాలనుకునే తల్లులు ఆఫీసు రూమ్‌కి రండి. దరఖాస్తు నింపడానికి కంప్యూటర్ టీచరు సాయం చేస్తారు.

ఈ లేసు మన నేల మీద పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో మిషనరీలతో ఈ తీరానికి వచ్చింది. తరతరాల ఆడవాళ్లు వసారాల్లో కూర్చుని అల్లి దాన్ని మనది చేశారు. వారసత్వం అంటే గుడి గోపురాలు, తాళపత్రాలు మాత్రమే అనుకునే పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

రొయ్యల చెరువులున్న తండ్రులకు కూడా ఒక మాట. ఏడో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి, "మా నాన్న రాత్రి మూడింటికి లేచి ఏరియేటర్లు వేస్తాడు, అప్పుడే ఎందుకండి?" అన్నాడు. ఏరియేటర్లంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు. పగలు నీటిలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారబోయే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ కుర్రాడు ఇంటికెళ్లి నాన్నకు చెప్పాడట, తండ్రి మర్నాడు నాకు ఫోన్ చేశారు. ఏ చెరువైనా ఫర్వాలేదు, గట్టు మీద మా పిల్లలకు నీటి పరీక్ష కిట్టు చూపించగలవాళ్లు ఉంటే చెప్పండి. పగటిపూటే తీసుకొస్తాం, నీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వం. 2020లో చట్టం చేసి మన రాష్ట్రానికి తెచ్చుకున్న మత్స్య విశ్వవిద్యాలయం మన నర్సాపురంలోనే ఉంది. చెరువు పని తెలిసిన ఇంటి పిల్లలు అందులో సీట్ల కోసం పోటీపడాలని నాకు ఆశ.

ఇక మనసుకు కష్టంగా ఉన్న విషయం. రొయ్యల సీజన్ వచ్చేసరికి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కొన్ని బెంచీలు ఖాళీ అవుతున్నాయి. జ్వరం అని చీటీ వస్తుంది, పిల్ల మాత్రం రొయ్యల షెడ్డులో పనిలో ఉంటుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు పిల్లల హక్కు, 2009 చట్టం ఇచ్చిన హక్కు. ఇంటి ఇబ్బందులు నాకు తెలియనివి కావు, ఏ ఇంట్లో ఎంత అప్పుందో కూడా కొంత తెలుసు. డబ్బు అవసరమైతే దాచుకోకుండా చెప్పండి. ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు ఖాతాలో పడతాయి. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సర్టిఫికెట్ల కోసం ఇప్పటి నుంచే తిరగండి, చివరి వారంలో సర్వర్ పనిచేయదు.

పదో తరగతి తర్వాత ఇంటర్ ఒక్కటే దారి అనుకోవద్దు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి మార్కుల మీద నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ ఉన్నాయి. ఐటీఐ అంటే చదువు రానివాళ్లకని మన ఊళ్లో ఒక చులకన ఉంది. దాన్ని నేనస్సలు ఒప్పుకోను.

ఆడపిల్లల గురించి మరీ చెప్పాలి. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని ఆమె పెద్దయ్యాక ఒప్పుకోలేదు. పిల్లగా ఉన్నప్పుడే ఆడవాళ్లకు హిందీ నేర్పింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర ఆపింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. మన గోదావరి పిల్లే కదా. పద్దెనిమిది నిండకుండా సంబంధం చూసే ముందు దయచేసి ఒక్కసారి నాతో మాట్లాడండి. పరువు పోతుందని భయపడకండి, ఆ మాట బయటికి రాదు.

వార్షికోత్సవంలో సినిమా పాటలకు డాన్సులు వద్దని నేను అనను, పిల్లల సరదా వాళ్లది. ఈసారి సగం సమయం మాత్రం మనవాటికి ఇస్తున్నాం. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల్ని పిలవాలని ఉంది. మేకతోలు పలచగా చేసి రంగులద్దితే తెర మీద వెలుగు ఎలా దాటి వస్తుందో పిల్లలు దగ్గరగా చూడాలి. జాతరల్లో గరగలు (కుండలు) నెత్తిన పెట్టుకుని ఆడినవాళ్లు, పడవ పాటలు వచ్చినవాళ్లు, వల అల్లగలిగిన తాతయ్యలు ఎవరున్నా చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి బడిలో దాస్తాం. పాడే మామ్మగారికి మైకంటే మొహమాటం అయితే మేమే ఇంటికొస్తాం.

పదో తరగతిని జనవరిలో ధవళేశ్వరం తీసుకెళ్తున్నాం. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట లేకపోతే ఈ డెల్టాలో కాలువలు లేవు. కాటన్ దొర బొమ్మకు దండ వేయడం వరకు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణం వీరన్న గురించి, రాయి మోసిన కూలీల గురించి పిల్లలు అక్కడే అడిగి రాసుకుని రావాలి. మన ఊరి కాలువకు నీళ్లు వదిలే విజ్జేశ్వరం లాకులు కూడా చూపిస్తాం. బస్సు ఖర్చు ఇవ్వలేనివాళ్లు ఇవ్వక్కర్లేదు, ఆ సంగతి పిల్లల ముందు ఎత్తం.

ఈ కాగితం కింది సగంలో సంతకం పెట్టి శుక్రవారం లోగా క్లాసు టీచరుకు పంపండి. వచ్చే శనివారానికి పిల్లలకు తెల్ల దారం, ఆరో తరగతికి మొద్దు సూది ఇచ్చి పంపితే చాలు. కళ్లజోడు ఉన్న పిల్లలు దాన్ని తప్పకుండా పెట్టుకుని రావాలి.

మీ ప్రధానోపాధ్యాయురాలు