ఆల్ నైట్ ప్రేయర్ అయ్యాక బండి నడిపేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలు చేసే లెంటు రోజులు దగ్గరపడ్డాయి. ఈ నలభై రోజులూ మా వైపు ఏ పల్లెకు వెళ్లినా ఏదో ఒక ప్రార్థన కూటం ఉంటుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నేను ఆర్టీసీ డ్రైవర్‌ని, ఎక్కువగా నైట్ సర్వీసులు నడుపుతాను. లూథరన్ క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. నిద్ర గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఈ రెండూ చాలనుకుంటాను.

శనివారం తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో నాకు ఆటోలు ఎదురవుతుంటాయి. శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్ ముగించుకుని ఇళ్లకు వెళ్లేవి. వెనక తెల్లచీరల ఆడవాళ్లు, ఒళ్లో బైబిలు సంచులు, వాళ్ల మీదకు ఒరిగి నిద్రపోతున్న పిల్లలు. ముందు డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, కాళ్లు బయటికి. తిన్నగా వస్తున్న ఆటో ఉన్నట్టుండి నా వైపు జరగడం మొదలెడుతుంది. హారన్ కొడితే ఒక్కసారిగా పక్కకు లాగుతాడు. అంటే ఆ కాసేపట్లో కునుకు తీశాడన్నమాట. పాపం, అతనూ పగలంతా ఆటో తోలి, రాత్రంతా కూటంలో చప్పట్లు కొట్టినవాడే.

మాకు డ్యూటీ ఎక్కేముందు డిపోలో నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారు. తాగితే దొరికిపోతాం. నిద్ర చాలకపోతే పట్టుకునే మిషన్ మాత్రం లేదు. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకున్నవాడి పరిస్థితి రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలాగే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం ప్రకారం 0.03 దాటితే చాలు, కేసు పెడతారు. తెల్లవారుజామున హైవే మీద పోలీసులు లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించేది ఊరికే కాదు. రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు మన మాట వినదు. భక్తిపరుడైనా అంతే, కాకపోయినా అంతే.

మా ప్రసంగాల్లో మాత్రం నిద్ర ఎప్పుడూ ముద్దాయే. "సోమరీ, ఎందాక నీవు పండుకొనియుందువు?" అని బైబిల్లో సామెతలు 6వ అధ్యాయం తీస్తారు. అది పని ఎగ్గొట్టేవాడికి చీమను చూపించి చెప్పిన మాట. చీకటితో లేచి వంట చేసి, మిరపకోతకు వెళ్లి ఎండలో వంగి వంగి కోసి, రాత్రి తొమ్మిదింటికి గుడికొచ్చి గోడకు ఆనుకున్న అమ్మకు ఆ వాక్యం చదివి వినిపించడం అన్యాయం. తనను పట్టుకెళ్లే ముందు రాత్రి గెత్సేమనే తోటలో, నిద్రపోతున్న శిష్యుల్ని "ఒక్క గడియయైనను" మేలుకోలేరా అని యేసు ప్రభువు అడిగిన మాట కూడా వాడతారు. ఆ వెంటనే, తర్వాతి వచనంలోనే ఆయన "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నాడు. అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ.

యేసు కొండ మీద రాత్రంతా ప్రార్థించాడు, కాదనను. తెల్లవారితే పన్నెండుమంది శిష్యుల్ని ఎన్నుకోవాల్సిన రాత్రి అది. ప్రతి శుక్రవారం అలా చేశాడని ఎక్కడా లేదు. తుఫానులో దోనె మునిగిపోతుంటే తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయిందీ ఆయనే. చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నా ఏమనలేదు. త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడైన పౌలు ప్రసంగం వింటూ కిటికీలో జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డ ఐతుకు అనే కుర్రాడంటే నాకు భలే జాలి. పౌలు అతన్ని తిట్టలేదు, కిందికి దిగి కౌగిలించుకున్నాడు. (ఆ తర్వాత మళ్లీ తెల్లవారేదాకా మాట్లాడాడనుకోండి, అది వేరే సంగతి.)

అలాగని రాత్రి రెండింటిదాకా ఫోన్లో రీల్స్ చూసి, ఆదివారం ఆరాధన వేళకు దుప్పటి ముసుగేసే మా అబ్బాయిని నేను వెనకేసుకు రావడం లేదు. సామెతలు 6 వాడికి బాగానే సరిపోతుంది.

ఇంకో మాట. రాత్రి మూడింటికి మెలకువ వస్తే దేవుడు ప్రార్థనకు లేపుతున్నాడంటారు. ఎప్పుడో ఒకరోజు అయితే సరే. నెలల తరబడి అదే వరసైతే షుగరో, థైరాయిడో, గురక మధ్యలో ఊపిరి ఆగే జబ్బో, మనసులో దిగులో ఉండొచ్చు. అలాంటివాళ్లను విశ్వాసం చాలలేదని ఇంకా టెన్షన్ పెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

మా చిన్నప్పుడు అర్ధరాత్రి గుడిలో ఉన్నామంటే అది డిసెంబరు 31. మిగతా రోజుల్లో పొలం నుంచి వచ్చి స్నానం చేసి, గంట కొడితే వెళ్లి ఒక పాట, ఒక వాక్యం, ఒక ప్రార్థన ముగించుకుని అన్నాల వేళకు ఇంట్లో ఉండేవాళ్లం. భక్తికి ఏం లోటు రాలేదు.

పాస్టర్లకూ పెద్దలకూ నా మనవి. కూటాలు పదింటికి ముగించండి. ఎలాగూ పది దాటితే మైకు పెట్టకూడదని రూలు ఉంది. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఈ రోజుల్లోనే వస్తాయి. ఆ వయసు పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర తగ్గకూడదు, వాళ్లను రాత్రి కూటాలకు పట్టుబట్టి పిలవకండి. రాత్రంతా ప్రార్థన చేయాల్సిందే అనుకుంటే, అయ్యాక నాలుగింటికి ఎవరినీ బండెక్కించకండి. ఆరున్నర ఏడు దాకా అక్కడే చాపల మీద పడుకోనివ్వండి. ఆటో డ్రైవర్‌ని అసలు కూటంలోనే కూర్చోబెట్టకండి, రాత్రే ఇంటికి పంపి పొద్దున రమ్మనండి.

- ఒక ఆర్టీసీ డ్రైవర్, బాపట్ల జిల్లా