'గోన గన్నారెడ్డి' చదివి మోటుపల్లి వెళ్లాం

సంపాదకులకు నమస్కారం.

రుద్రమ మీద సినిమా వచ్చింది కదమ్మా, ఇంక నవలెందుకు అని మా పిల్లలే అంటుంటే మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' ఇంటర్లో ఉండగా మా పెద్దమ్మ దగ్గర తెచ్చుకుని చదివాను, మళ్లీ ఈ వేసవిలో చదివాను. అప్పట్లో పెళ్లికొడుకునే ఎత్తుకుపోయిన గన్నారెడ్డి తప్ప ఇంకెవరూ కంటికి ఆనలేదు. ఇప్పుడు పుస్తకమంతా అన్నాంబికదే అనిపించింది. పీటల దాకా వచ్చిన పెళ్లి చెదిరిపోయిన పిల్ల, మగవేషంలో రాజ్యం మోస్తున్న రుద్రమకు తోడుగా నిలబడుతుంటే చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. గన్నారెడ్డి మాత్రం మరీ మచ్చలేని మనిషి, ఒక్కచోటా తడబడడు. అదొక్కటే నాకు వెలితి.

పుస్తకం అవగానే అందరం కాకతీయుల నాటి ఓడరేవు మోటుపల్లి వెళ్లాం. జిల్లాలు మారి అది బాపట్ల కిందకు పోయింది గానీ మా ఒంగోలు వాళ్లకు ఇప్పటికీ మనదే. వీరభద్రస్వామి గుడి మండపంలో రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. మా అమ్మాయి స్తంభం మీద అక్షరాల గాడి వెంట వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంది. అంతకుముందు రాజులు తుఫానుకు పగిలిన ఓడల సరుకు మొత్తం లాగేసుకునేవాళ్లట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్లకు ప్రాణం కంటే సొమ్మే ఎక్కువ కదా అని ఆలోచించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని ఆయన రాతి మీద మాటిచ్చాడు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, మిరియాలు, అన్నీ ఈ ఇసుక మీదే దిగాయి. మార్కోపోలో ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నం అని రాశాడు, ఆ పక్కనే చీరాలలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి.

బాపిరాజు గారి కోటలూ గుర్రాలూ నాకు కళ్లకు కట్టాయి, సముద్రం దగ్గరే తనివి తీరలేదు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తుంటే నిలబడి ఏడ్చిన వర్తకుడి కథ, తుఫాను అంటే ఏంటో తెలిసిన మా తీరం వాళ్లెవరైనా నవలగా రాయాలి. రాస్తే మీ ఆదివారం పుస్తకంలో సీరియల్‌గా వేయండి, మొదటి వారం నుంచే కత్తిరించి దాచుకుంటాను.

ఒక పాఠకురాలు, ఒంగోలు