దెబ్బతిన్న ఓడని సముద్రంలోకి తోలేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఓడకి ఏదైనా అయిందంటే చాలు, మా తీరానికి రానివ్వకండి అని అందరూ గోల చేస్తారు, ఆయిల్ భయం నాకూ అర్థమవుతుంది, కానీ 2002లో స్పెయిన్ దగ్గర ప్రెస్టీజ్ ట్యాంకర్‌కి ఏమైందో ఒక్కసారి చూడండి. నవంబర్ 13న తుఫానులో డ్యామేజ్ అయింది, లోపల సుమారు 77 వేల టన్నుల ఫ్యూయల్ ఆయిల్. రేవులోకి రానివ్వకుండా దూరంగా లాక్కెళ్ళారు, ఆరు రోజులకి 19న రెండు ముక్కలైంది, స్పెయిన్‌లోని గలీసియా తీరమంతా ఆయిల్‌తో నల్లగా అయిపోయింది.

ఓడ ప్రతి అలకీ కొంచెం పైకీ కిందకీ వంగుతుంది. పది సెకన్లకి ఒక అల అనుకున్నా రోజుకి ఎనిమిది వేలకి పైనే. మామూలుగా తట్టుకుంటుంది, కానీ ఒక పక్క ఓడ గోడకుండే స్టీల్ ప్లేట్లు పోయాక మిగతా స్టీల్ మీద లోడు ఎక్కువ పడి, ఉన్న పగులు స్పీడుగా పాకుతుంది. అది మొదలయ్యేది ఎక్కువగా వెల్డింగ్ అంచులోనో హ్యాచ్ (డెక్ మీద సరుకు దించే ద్వారం) మూలలోనో, పెయింట్ మీద సన్నటి తుప్పు గీత తప్ప ఏం కనపడదు. పగులు చివర డ్రిల్‌తో రంధ్రం వేసి ఆపుతారు గానీ అది తాత్కాలికమే, అదీ ఊగే సముద్రంలో ఎలా వేస్తారండి?

2003లో ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) కూడా ఇలాంటి ఓడలకి ఆశ్రయం ఇవ్వడంపై గైడ్‌లైన్స్ ఇచ్చింది. మన తీరంలో ఏదైనా ఓడకి ఇలా అయితే విశాఖ, కాకినాడల్లో ఎక్కడ ఆపుతారో, ఆయిల్ ఎలా తోడతారో పోర్టు అధికారులు ఇప్పుడే పేపర్లో ప్రకటించాలి.

- ఒక షిప్ రిపేర్ వెల్డర్, విశాఖపట్నం