వెతికితే దొరకని జీవోలు

సంపాదకుల వారికి,

ఉత్తర్వులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేశామని అధికారులు చెప్పుకున్న వార్త పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. పెట్టారు, కాదనం. చూపు లేనివాళ్లు అందులో ఒక్క మాటైనా వెతుక్కోగలరా అని మాత్రం ఎవరూ అడగలేదు, మీ విలేకరితో సహా.

జీవోను టైప్ చేసేది కంప్యూటర్‌లోనే. ఆ తర్వాత ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, వంకరగా స్కాన్ చేసి సైట్‌లో పడేస్తారు. అక్షరాలున్న ఫైలు కాస్తా ఫొటో అయి కూర్చుంటుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే ఖాళీ డాక్యుమెంట్ అంటుంది. కంట్రోల్ ఎఫ్ కొట్టి 'పింఛను' అని వెతికితే ఏం దొరుకుతుంది? ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, ఆర్ కలిపి నొక్కితే బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే విండోస్ ఓసీఆర్ నడుస్తుంది గానీ, దానికి తెలుగు రాదు. గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించి డాక్స్‌లో తెరిస్తే తెలుగు వస్తుంది, పట్టికలు మాత్రం చెదిరిపోతాయి. లబ్ధిదారు ఒకచోట, అంకె ఇంకోచోట.

డీటీపీలో వాడే పాతకాలపు అను ఫాంట్లలో కొట్టినవి కంటికే తెలుగు. లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ ఆ గోలే చదువుతుంది, తెలుగులో వెతికితే దొరకదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, ఆఫీసులకే ఇంకా చేరలేదు! అందులోనూ ఒక చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో కనిపించని విడదీత గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. రెండూ కలవకపోతే చాలాచోట్ల మాట దొరకదు. అందుకే 'వేర్' అని ముక్కతోనే వెతకాలి.

ఇదంతా తప్పించడానికి కోట్లు అక్కర్లేదు. వర్డ్‌లో శీర్షికలకు బోల్డ్ కొట్టి ఊరుకోకుండా హెడింగ్ స్టైల్ పెట్టాలి. అప్పుడు స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కుతూ ఒక్కో శీర్షికకీ దూకొచ్చు. 'ప్రింట్ టు పీడీఎఫ్' కాకుండా 'సేవ్ యాజ్'లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో యాక్సెసిబిలిటీ ట్యాగుల గడికి టిక్ పెట్టాలి. సంతకం డిజిటల్‌గా చేయాలి. టెండర్లకు డిజిటల్ సంతకం లేనిదే గడప తొక్కనివ్వని శాఖలకు, తమ ఉత్తర్వు దగ్గరికొచ్చేసరికి ఇంకు పెన్నే కావాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, సమాచారం వికలాంగులకు అందుబాటయ్యే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని చెబుతోందని వీళ్లకు తెలియదా? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 'దివ్యాంగులు' అని పేరు మార్చడంలో చూపిన శ్రద్ధలో పదో వంతు ఫైళ్ల మీద పెడితే సరిపోయేది.

అన్నట్టు, మీ ఈ-పేపర్ క్లిప్పింగు కూడా బొమ్మే. ఈ లేఖ అచ్చయినా, ఎవరి గురించి రాశానో వాళ్లు అందులో వెతికితే దొరకదు.

– ఒక పాఠకుడు, హనుమకొండ