ఖరగ్‌పూర్ జాకెట్ గుట్టు విప్పిన అందరికీ కృతజ్ఞతలు

నా దగ్గరున్న ఏ-2 తోలు జాకెట్ (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమాన సిబ్బంది తొడుక్కున్నది) ఏ బాంబర్ గ్రూపుదో, అంటే బాంబులేసే విమానాల ఏ దళానిదో, ఎవరైనా చెప్పగలరా అని అడిగినప్పుడు ఇంతమంది ముందుకొస్తారని అనుకోలేదు. సంగతి తేలింది. ఎవరి వల్ల తేలిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జాకెట్ భుజం మీద సీబీఐ బ్యాడ్జి ఉంది. మన సీబీఐ కాదండీ, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల చైనా-బర్మా-ఇండియా రంగం. పైన నీలం మీద చైనా సూర్యుడు, పక్కన తెల్ల నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు. రంగు రంగుల తోలు ముక్కలు కోసి కుట్టిన పని. జాకెట్‌తో పాటు ఒక కవరు నిండా ఫోటోలు వచ్చాయి. వెనక ఊరి పేరు గానీ తేదీ గానీ లేదు.

మొదటి ముడి విప్పింది ఒహాయోలో ఉండే ఒక పెద్దావిడ. వాళ్ల నాన్నగారు బీ-29 అనే అమెరికా పెద్ద బాంబర్ విమానంలో గన్నర్. ముక్కూమొహం తెలియని నాకోసం ఆయన ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పంపారు. తోక రడ్డర్ మీద రెండు ఏటవాలు చారలుంటే 468వ గ్రూపు, తోక మీద డైమండ్ గుర్తుంటే 444వ గ్రూపు అని ఆ ఫోటోలు పెట్టి చూపించారు. నా ఫోటోల్లో దాదాపు అన్నీ చారలవే. అంటే 468వ గ్రూపు ఉన్న చోటు, మా ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువా! 1944లో ఆ ప్రాంతంలో బీ-29ల కోసం సాలువా, చాకులియా, దూధ్‌కుండి, పియార్డోబా విమాన మైదానాలు వాడారు. జూన్ 5న బ్యాంకాక్ మీద జరిగిన బీ-29ల మొట్టమొదటి దాడి ఇక్కడి నుంచే.

నాకు ఒళ్లు జలదరించింది. మాది ఖరగ్‌పూర్ రైల్వే తెలుగు కుటుంబం. తాతయ్య వర్క్‌షాపులో ఫిట్టర్. అమెరికాలో కొన్న జాకెట్ మా ఊరి నుంచే వచ్చిందన్నమాట.

ఒక ఫోటోలో బురుజులాంటి కట్టడం ముందు జీపులున్నాయి. ఇలాంటి పాత యుద్ధ వస్తువులు సేకరించేవాళ్లెవరూ అదేమిటో చెప్పలేకపోయారు. ఖరగ్‌పూర్‌లోని మథురాకాటిలో ఉండే మా పెద్దమామయ్యకి వాట్సాప్‌లో పంపితే, "ఇది హిజ్లీ జైలు కదరా" అన్నారు. యుద్ధం నాటికి ఆయన చిన్న పిల్లాడు. 1931లో ఖైదీల మీద కాల్పులు జరిగిన ఆ హిజ్లీ క్యాంపులోనే తర్వాత ఈ బీ-29 గ్రూపుల్ని నడిపిన ఇరవయ్యో బాంబర్ కమాండ్ ఆఫీసు పెట్టారు. 1951లో ఐఐటీ మొదలైంది కూడా అందులోనే. అక్కడ చదువుతున్న విజయనగరం కుర్రాడొకడు పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా అదే కోణంలో ఫోటో తీసి పంపాడు. కిటికీలతో సహా సరిపోయింది. తమ్ముడూ, ఈసారి వచ్చినప్పుడు గోల్ బజార్‌లో పార్టీ నాది.

తోలు ఇంత బాగా ఎలా మిగిలిందన్న అనుమానం ఒకరిద్దరికి వచ్చింది. బీ-29లో సిబ్బంది ఉండే గదుల్లో గాలి ఒత్తిడి, వెచ్చదనం ఉండేవి. కింద చూస్తే ఖరగ్‌పూర్ ఎండ. ఆ ఎండలో తోలు జాకెట్ ఎవరు తొడుక్కుంటారు! నా లెక్కలో ఇది ఎక్కువ కాలం పెట్టెలోనే ఉండి ఉంటుంది.

నూనె రాయొద్దని, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించమని చెప్పి, చిరిగిన అల్లిక అంచుని పైసా తీసుకోకుండా సరిచేసిన తోలు పనివారికి కూడా దండాలు.

ఫోటోలన్నీ స్కాన్ చేశాను. సాయం చేసిన ప్రతి ఒక్కరికీ ఒక సెట్ పంపుతున్నాను. చాకులియా రన్‌వే ఫోటోలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే చెప్పండి, స్కానింగ్ ఖర్చు నేను పెట్టుకుంటాను.