మల్లెలతీర్థం మెట్ల మీద చేయందించిన అక్కకు

అక్కా, మీ పేరు మాకు తెలియదు. హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి అమ్మతో వచ్చినవాళ్లం. శ్రీశైలం రోడ్డులో వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగి నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతం చూడటానికి వచ్చాం. దిగేటప్పుడు అమ్మ హుషారుగానే దిగింది. జలపాతం కింద నీళ్లు నెత్తిన పోసుకుని చిన్నపిల్లలా నవ్వింది. తిరిగి ఎక్కేటప్పుడే అసలు కష్టం. వందల మెట్లు, సగంలోనే మోకాలు పట్టేసింది. ఆమెను ఎత్తుకోలేను, వదిలి పైకి వెళ్లలేను. ఫోన్‌కు సిగ్నల్ లేదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ అడవి దారి మూసేస్తారు కాబట్టి ఇంకా టెన్షన్.

పైనుంచి మీరు దిగి వచ్చారు. మీ చేతికర్ర అమ్మకిచ్చి, "బాగున్న కాలు ముందు పెట్టమ్మా, నొప్పి కాలు తర్వాత" అన్నారు. ఆ ఒక్క మాటతో అమ్మ కదిలింది. పది మెట్లకోసారి కూర్చోబెట్టారు. తొందరపెట్టలేదు. ఊరికే కూర్చోకుండా తేనెపట్టు ఎక్కడ పడుతుందో, కొండముచ్చులు ఎందుకు అరుస్తాయో చెబుతుంటే అమ్మ నొప్పి మర్చిపోయి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. పైకి చేరాక డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. కర్ర కూడా అమ్మ దగ్గరే ఉంచమన్నారు.

ఆ దారి మూసే మన్ననూరు చెక్‌పోస్టు వెలుతురుండగానే దాటాం. అమ్మ ఇప్పుడు బాగుంది, మా అపార్ట్‌మెంట్ మెట్లు కూడా మీరు చెప్పినట్టే ఎక్కుతోంది. మీకు మా ఇద్దరి నమస్కారాలు, అక్కా.