జర్మన్ వాళ్లింట్లో దిగే ముందు

ఒరే శీనూ,

ఫ్రైబుర్గ్‌లో హాస్టల్ వద్దని ఒక కుటుంబంతో ఉండబోతున్నావట, మంచి పని చేశావురా. జర్మన్ వ్యాకరణం క్లాసులో వస్తుంది గానీ "ఆ గరిటె ఇలా ఇవ్వు" అనడం వంటింట్లోనే వస్తుంది.

ముందు తిండి సంగతి తేల్చుకో. 'హాల్బ్‌పెన్సియోన్' అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం. భోజనమంటే వేడన్నం అనుకునేవు! చాలా ఇళ్లలో రాత్రికి 'ఆబెండ్‌బ్రోట్', అంటే రొట్టె ముక్కలు, చీజ్, ఊరబెట్టిన దోసకాయలు. ఉత్త వెజిటేరియన్ అని రాస్తే గుడ్డు పెడతారు. ఏది తినవో విడివిడిగా రాయి, మాంసం ఉడికించిన నీళ్లతో చేసే సూపుతో సహా. వంట చేసుకోవచ్చా అని కూడా అడుగు. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు. పొగ అలారాలు ఉండేది నడవలోనూ పడకగదుల్లోనూ, అక్కడిదాకా పొగ పోతే ఇల్లంతా లేస్తుంది.

ఎక్కువ గొడవలొచ్చేది కిటికీ దగ్గర. చలికాలంలో కిటికీ పైభాగాన్ని రోజంతా లోపలికి ఓరగా వంచి వదిలేస్తే చుట్టూ గోడ చల్లబడి, గదిలో తేమ దానికే పట్టి బూజొస్తుంది. హీటర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలయ్యాక మూసెయ్. పొద్దున, రాత్రి, స్నానమయ్యాక ఇదే పని. హీటర్ మరమీద 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5లో పెడితే గది త్వరగా వేడెక్కదు, అనవసరంగా ఎక్కువ వేడెక్కుతుంది, అంతే. బకెట్, చెంబు స్నానం మర్చిపో. షవర్ బయట నేలకి చాలా ఇళ్లలో తూమే ఉండదు.

తాళంచెవి జేబులో ఉంటే తప్ప బయటికి అడుగు పెట్టకు, తలుపు మూసుకుంటే బయటినుంచి చెవి లేకుండా తెరుచుకోదు. శనివారమే సరుకులు తెచ్చుకో, ఆదివారం కొట్లుండవు. రాత్రి 10 దాటితే చప్పుడు చెయ్యకు.

నీకు ఇబ్బందనుకుని వాళ్లు ఇంగ్లీషులోకి దిగిపోతారు. మొదటి రోజే "బిట్టె, డొయిచ్" (దయచేసి జర్మన్‌లో) అను. తప్పులు దిద్దమని నువ్వే అడగాలి, లేకపోతే మర్యాదకి ఊరుకుంటారు. చిన్నదని, ముద్దని చెప్పడానికి పదం చివర పుస్తకంలో '-ఖెన్' ఉన్నచోట, అక్కడి యాసలో '-లె' వినిపిస్తుంది, కంగారుపడకు. 'వైల్' (ఎందుకంటే) పెట్టి కారణం చెప్పేటప్పుడు క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషువాళ్లు అక్కడే తడబడతారు, మనకది పుట్టుకతో వచ్చిన అలవాటే కదా!

నువ్వుండేది ఎక్కువ నెలలు కాబట్టి, దిగిన 2 వారాల్లోగా అడ్రసు నమోదు చేయించాలి. దానికి అద్దె ఒప్పందం చాలదు, నువ్వు ఆ ఇంట్లో దిగావని ఇంటివాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇస్తారో లేదో ఇక్కణ్ణుంచే అడిగి ఖాయం చేసుకో.

ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఒక జత పెట్టుకో, బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. పచ్చళ్లు తీసుకెళ్లు గానీ, అమ్మ నెయ్యి డబ్బా సర్దితే మాత్రం తీయించెయ్. బయటి దేశాల పాల సరుకు అక్కడికి రానివ్వరు.

నీ
రవి